తిప్పేవాళ్ళకు కనిపించని అక్షరం

"ఈ పెన్సిల్ డబ్బా మూతకి ఏమైందే?" అంది బొంగరం వాళ్ళమ్మ.

మంచం మీద స్కూలు సంచి నోరు తెరుచుకుని ఉంది. అందులోకి ఒక్కొక్కటే వెళ్తున్నాయి. రెండు గౌన్లు, ఒక స్వెట్టరు, టార్చిలైటు, దువ్వెన. నాలుగు స్కూళ్ళ మార్కుల కార్డులున్న ప్లాస్టిక్ కవరు. పెన్సిల్ డబ్బా మాత్రం కుదురుగా లోపలికి వెళ్ళడం లేదు. మూత వేస్తే మళ్ళీ తెరుచుకుంటోంది. పెన్సిళ్ళు బొలబొలా రాలిపడుతున్నాయి.

"అయస్కాంతం ఊడిపోయిందమ్మా," అంది బొంగరం ఒంటికాలి మీద నిలబడి.

"ఊడిపోయిందా, ఊడదీశావా?"

బొంగరం రెండో కాలి మీదకి మారింది. ఆ పిల్ల ఎక్కడా కుదురుగా నిలబడదు. అందుకే వీధిలో అందరూ బొంగరం అంటారు. అసలు పేరు స్కూలు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినిపించదు.

"కింద ఉడతకి ఇచ్చానమ్మా. సైకిల్ పనికి కావాలంటేను."

"బాగుంది! వెళ్ళిపోయే ఇంట్లోంచి ఒక్కో వస్తువూ కిందకి దింపేస్తున్నావు. రేపు కొత్త స్కూల్లో డబ్బా దేంతో మూస్తావు?"

"రబ్బరు బ్యాండుతో."

వాళ్ళమ్మ తల కొట్టుకుంది. ఆవిడే వెతికి ఒక రబ్బరు బ్యాండు తెచ్చి, డబ్బాకి రెండు చుట్లు చుట్టి సంచిలో పెట్టింది. "ఐదున్నరకల్లా చేతులు కడుక్కుని ఇక్కడుండాలి. ఆరింటికి లారీ కదులుతుంది. వింటున్నావా? టార్చిలైటు పెట్టానా నేను?"

"పెట్టావమ్మా. రెండుసార్లు పెట్టావు," అంటూనే బొంగరం సగం మెట్లు దిగేసింది.

బొంగరం వాళ్ళ నాన్న వంతెనలు కట్టే మేస్త్రి. ఎక్కడ వంతెన మొదలైతే అక్కడ ఇల్లు అద్దెకి తీసుకుంటారు. వంతెన పూర్తయితే సామాను కట్టేస్తారు. ఈ ఇంటి పైభాగంలో వాళ్ళు దిగి ఏడాదిన్నర అయింది. మొన్న శుక్రవారం వంతెన చివరి పలక పడింది. ఈ రోజు ఆదివారం.

కింద, మెట్ల పక్కన, పాత సామాను పెట్టుకునే ఇరుకు గది ఉంది. అందులో ఉడత తన సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం దగ్గర నోట్లో టేపు ముక్క పట్టుకుని కూర్చుంది. ఇంటి కింది భాగంలో ఉండే ఉడత వయసు పది. మరలు, వైరు ముక్కలు, ఏది కనబడినా జేబులో దాచుకుంటుంది కాబట్టి వాళ్ళ పిన్ని ఆ పేరు పెట్టింది. అది అలాగే అతుక్కుపోయింది.

"ఎంతసేపే రావడానికి?" అంది ఉడత, టేపు నోట్లోంచి తీయకుండానే.

"సంచి సర్దుతున్నాం. ఎంతవరకు వచ్చింది?"

"అయస్కాంతం పెట్టేశాను. ఇక తిప్పడమే."

ఆ సైకిల్ కథ పది రోజుల కింద మొదలైంది.

ఉడత వాళ్ళ పిన్ని వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతుంది. ఒక సాయంత్రం పిల్లలిద్దరూ అక్కడ ఉండగా కరెంటు పోయింది. పిన్ని చేతిలో బ్యాటరీకి తగిలించిన ఒక చిన్న ఎర్ర లైటు ఉంది. బియ్యపు గింజంత ఎల్‌ఈడీ. చీకట్లో ఇంకో స్క్రూడ్రైవర్ కోసం పిన్ని చేయి అటూ ఇటూ ఆడించింది. గాలిలో పొడుగాటి ఎర్రగీత మెరిసింది.

"పిన్నీ! మళ్ళీ!" అంది ఉడత.

పిన్ని మళ్ళీ ఆడించింది. మళ్ళీ గీత.

"ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉన్నది చుక్కేగా?" అని అడిగింది బొంగరం.

"గీత లేదు. నువ్వన్నట్టు ఉన్నది చుక్కే. గీత గీసింది మీ కళ్ళు."

"మా కళ్ళా? మేమేం చేశాం?" అంది ఉడత, తన మీద నేరం మోపినట్టు.

పిన్ని నవ్వింది. "కన్ను చూసినదాన్ని వెంటనే వదిలిపెట్టదర్రా. వెలుగు వెళ్ళిపోయాక కూడా రెప్పపాటు పట్టుకునే ఉంటుంది. ఈలోగా చుక్క పక్కకి జరిగిందనుకో, పాత చోట ఉన్నదీ కనిపిస్తుంది, కొత్త చోట ఉన్నదీ కనిపిస్తుంది. అన్నీ కలిసి గీత అయిపోతుంది."

ఉడత ఏదైనా ఆలోచిస్తే ముక్కుతో శబ్దం చేస్తుంది. ఆ శబ్దం వినిపించింది.

"చుక్క ఒకటి కాకుండా, ఒకదాని కింద ఒకటి ఎనిమిది ఉంటే? కదిలేటప్పుడు కావలసినవి వెలిగించి, అక్కర్లేనివి ఆర్పేస్తే? బొమ్మ వస్తుందా పిన్నీ?"

"వస్తుంది. అక్షరాలు కూడా వస్తాయి. కానీ చెయ్యి అంత వేగంగా ఎంతసేపని ఆడిస్తావు?"

"చెయ్యెందుకు? సైకిల్ చక్రానికి కడితే సరి! అది తిరుగుతూనే ఉంటుందిగా," అంది బొంగరం. అప్పటికి ఆ పిల్ల స్టూలు మీద మూడుసార్లు గిర్రున తిరిగింది.

అంతే. మర్నాటి నుంచి ఇద్దరికీ అదే లోకం.

షాపుల్లో అలాంటి చక్రం లైట్లు అమ్ముతారని పిన్ని చెప్పింది. "కానీ కొనడం ఎందుకు? నా చెత్త డబ్బాలో సగం సామాను ఉంది. మిగతా సగం మీరు వెతుక్కోండి."

పిన్ని చెత్త డబ్బాలో పాడైన పవర్ బ్యాంకు లోపలి బ్యాటరీ దొరికింది. ఎవరో వదిలేసిపోయిన రిమోట్ కారులో చిన్న కంప్యూటర్ బోర్డు దొరికింది. అగ్గిపెట్టె కంటే చిన్నది. లైట్లేమో పిన్ని సొరుగులోవే. వాటన్నిటినీ దేనికి అతికించాలి? ఉడత అట్ట ముక్క తెచ్చింది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి అది వంగిపోయింది. చీపురుపుల్లలు కట్టి చూశారు. అవి స్పోకుల్లో ఇరుక్కుని పటపట విరిగిపోయాయి.

బొంగరం తన ప్లాస్టిక్ స్కేలు తెచ్చింది. మధ్యలో చిన్న పగులు తప్ప గట్టిగానే ఉంది. చక్రం నడుమ నుంచి రిమ్ము దాకా పెట్టి చూస్తే కొలిచి చేయించినట్టు సరిపోయింది.

"నీకు స్కేలు అక్కర్లేదా?" అంది ఉడత.

"కొత్త స్కూల్లో కొత్త స్కేలు కొనాల్సిందే. అక్కడ టీచరు ఏ రంగుది తెమ్మంటుందో ఏమో," అంది బొంగరం, అలవాటైన పనిలాగా.

తీగలు అతికే వేడి సోల్డరింగ్ పని పిన్ని చేసింది. పిల్లలు వైర్లు కదలకుండా పట్టుకున్నారు. స్కేలు మీద ఎనిమిది ఎర్ర లైట్లు వరసగా కూర్చున్నాయి. స్కేలుని వెనక చక్రానికి ఎడమ వైపు కట్టారు. కుడి వైపు చైను ఉంటుంది కదా, అటు కడితే తగులుతుంది.

ఇక ఏం రాయాలి?

"మళ్ళీ రా, అని రాద్దాం. నేను లారీ ఎక్కాక నువ్వు సైకిల్ తొక్కుతూ నాకు చూపించాలి," అంది బొంగరం.

లెక్కల గళ్ళ పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరూ బోర్లా పడుకున్నారు. ఎనిమిది లైట్లకి నిలువుగా ఎనిమిది గళ్ళు. వెలగాల్సిన గడి నింపాలి. ఆరిపోవాల్సిన గడి వదిలెయ్యాలి. 'మ' రాసేసరికే పన్నెండు గళ్ళు అడ్డంగా తినేసింది. 'ళ్ళీ' దగ్గరికి వచ్చేసరికి పైన గుడిదీర్ఘానికి చోటు లేదు, కింద ఒత్తుకి చోటు లేదు.

"మన అక్షరాలు ఎంత లావుగా ఉన్నాయో చూడవే," అంది ఉడత విసుగ్గా. "అన్నీ పొట్టలే."

"పోనీ 'మళ్ళీ' అనేది మనసులో అనుకుందాం. 'రా' ఒక్కటే రాద్దాం."

'రా' బుద్ధిగా సరిపోయింది. ఆ నల్లటి గళ్ళ లెక్కని పిన్ని తన లాప్‌టాప్‌లో కొట్టి బోర్డులోకి ఎక్కించింది. చక్రం చుట్టూ నాలుగు చోట్ల 'రా' వచ్చేలా పెట్టింది. అప్పుడు ఏదో ఒకటి పైభాగంలో నిటారుగా కనిపిస్తుంది.

కానీ తిప్పి చూస్తే ఇంకో తంటా. అక్షరం ఒకచోట నిలబడటం లేదు. చక్రమంతా చీమలా పాకుతూ పోతోంది. ఒకసారి పైన ఉంటుంది, ఒకసారి పక్కకి వాలిపోతుంది.

"చక్రం ఎప్పుడు ఒక చుట్టు పూర్తి చేసిందో బోర్డుకి తెలియట్లేదు. దానికి ఎవరైనా చెప్పాలి," అంది పిన్ని. పాత తలుపు అలారం ఒకటి విప్పి, అందులోంచి చిన్న గాజు గొట్టం తీసింది. లోపల జుట్టంత సన్నటి రేకులు రెండు. అయస్కాంతం దగ్గరికొస్తే రెండూ టక్కున అతుక్కుంటాయి. దూరం పోతే విడిపోతాయి. "దీన్ని చక్రానికి కట్టండి. సైకిల్ కడ్డీకి ఒక అయస్కాంతం పెట్టండి. అయస్కాంతాన్ని దాటిన ప్రతిసారీ బోర్డుకి కబురు అందుతుంది, ఇదిగో ఒక చుట్టు అయింది, మళ్ళీ మొదలుపెట్టు అని."

అలా బొంగరం పెన్సిల్ డబ్బా అయస్కాంతం సైకిల్ కడ్డీ మీదకి చేరింది.

ఇన్ని రోజుల్లో చక్రాన్ని తిప్పిందెవరంటే, ప్రతిసారీ బొంగరమే. ఆ గది ఇరుకు. సైకిల్‌కి అటు ఒకళ్ళు, ఇటు ఒకళ్ళు పట్టే చోటు తప్ప లేదు. చైను వైపు నిలబడి పెడలు తిప్పాలి. అటు నుంచి చూస్తే కనిపించేది స్కేలు వీపు, వైర్ల ముడులు, అంతే. లైట్ల వైపు నిలబడే చోటు ఉడతది.

"తిప్పడం నీ పని. నీ పేరే బొంగరం కదా," అనేది ఉడత. బొంగరం నవ్వేసి తిప్పేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఉడత గది కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు మూసింది. చీకటి అయింది.

"తిప్పు!"

బొంగరం పెడలు పట్టుకుని తిప్పింది. చక్రం మెల్లగా మొదలై, జుయ్యిమని వేగం అందుకుంది. ఎర్ర చుక్కలు సాగి గీతలయ్యాయి. గీతలు వణుకుతూ వణుకుతూ ఒక దగ్గర కుదురుకున్నాయి.

ఉడత నోరెళ్ళబెట్టింది.

గాలిలో, ఏ ఆధారమూ లేకుండా, 'రా' నిలబడి ఉంది. అంచులు కాస్త వణుకుతున్నాయి. కానీ పాకడం లేదు. దాని గుండ్రటి పొట్ట, పైన దీర్ఘం, అన్నీ ఉన్నాయి.

"వచ్చిందా?" అంది బొంగరం, తిప్పుతూనే.

"వచ్చింది! వచ్చిందే! ఆపకు!"

"ఎలా ఉంది?"

"ఉండు, మాట్లాడకు, ఇంకా వేగంగా తిప్పు."

బొంగరం ఇంకా వేగంగా తిప్పింది. చెయ్యి నొప్పెట్టి ఆపింది. "ఇప్పుడు నేను అటు వస్తా. నువ్వు తిప్పు."

"ఒక్క నిమిషం. దీర్ఘం దగ్గర ఒక లైటు తేడాగా ఉన్నట్టుంది. చూడాలి. ఇంకోసారి తిప్పు."

ఇంకోసారి తిప్పింది. తేడా ఏమీ లేదు. ఉడత దగ్గరికి జరిగి చూసింది. గోడకి ఆనుకుని దూరం నుంచి చూసింది. ఒక కన్ను మూసి చూసింది. రెప్పలు టపటపలాడిస్తే ఏమవుతుందో చూసింది. అలా చేస్తే అక్షరం ముక్కలుముక్కలుగా కనిపించింది. అది ఇంకా వింతగా ఉంది.

"నాకూ చూపించవే," అంది బొంగరం.

"ఇదే ఆఖరుసారి."

"ఆ మాట ఇందాక కూడా అన్నావు."

"అబ్బ, ఉండవే! చూస్తున్నాగా!"

బొంగరం తిప్పింది. ఈసారి చక్రం తిరుగుతూనే ఉంది కానీ వెలుగు సన్నబడిపోయింది. 'రా' గులాబీ రంగులోకి మారి, మసకబారి, టప్పున ఆరిపోయింది.

గదిలో చక్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం మిగిలింది. అదీ ఆగింది.

"ఏమైంది?" అంది బొంగరం.

"బ్యాటరీ... అయిపోయింది."

బొంగరం కిటికీ దుప్పటి లాగేసింది. వెలుతురు వచ్చి ముఖం మీద పడింది. చేతి నిండా చైను నల్లటి మసి. ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడలేదు. రెండు కాళ్ళ మీదా కదలకుండా నిలబడింది. బొంగరం అలా నిలబడటం ఉడత ఎప్పుడూ చూడలేదు.

"నువ్వు ఎన్నిసార్లు చూశావు?" అంది బొంగరం.

"నేనేం లెక్కపెట్టానా?"

"నేను లెక్కపెట్టాను. పద్నాలుగుసార్లు తిప్పాను."

"అయితే ఏంటిప్పుడు? సాయంత్రం ఎలాగూ చూస్తావుగా!" ఉడతకి తప్పు తనదని తెలుస్తోంది. తెలిసేకొద్దీ గొంతు పెద్దదవుతోంది. "ఛార్జింగ్ పెట్టిస్తాను. లారీ వెనకాలే తొక్కుకుంటూ వస్తాను. నీకోసమేగా ఇదంతా!"

"మా నాన్న కట్టిన వంతెనలు ఐదున్నాయి," అంది బొంగరం. "వాటిలో ఒక్కదాని మీద కూడా మొదటి బస్సు వెళ్ళడం నేను చూడలేదు. ప్రతిసారీ ఆ రోజుకి మేం ఇంకో ఊళ్ళో ఉంటాం. ఇదొక్కటైనా పూర్తయ్యాక చూద్దామనుకున్నా."

"సెలవులకి వస్తావుగా," అంది ఉడత.

"వస్తామనే అంటాడు నాన్న. ప్రతి ఊళ్ళోనూ అదే అంటాడు."

పైనుంచి వాళ్ళమ్మ కేకేసింది. పరుపులు చుట్టాలి, రమ్మని. బొంగరం చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఉడత బ్యాటరీ విప్పి పిన్ని షాపుకి పరుగెత్తింది.

"గంటన్నర పడుతుంది," అంది పిన్ని తీగలు తగిలిస్తూ. "అక్షరం నిలబడిందా?"

"బ్రహ్మాండంగా నిలబడింది పిన్నీ!"

"బొంగరం ఏమంది చూసి?"

ఉడత కౌంటరు మీద ఉన్న ఒక మరని గోటితో దొర్లించింది. అటు దొర్లించింది, ఇటు దొర్లించింది. జేబులో వేసుకోబోయి మళ్ళీ అక్కడే పెట్టేసింది.

"అది ఇంకా చూడలేదు," అంది.

పిన్ని గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. నాలుగూ ఇరవై.

ఆరవుతుండగా లారీ సిద్ధమైంది. ఇనప బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుని అందరినీ ముప్పుతిప్పలు పెట్టింది కానీ చివరికి ఎక్కింది. ముందు సీట్లో బొంగరం వాళ్ళమ్మ కూర్చుంది. వెనక, సామాను మధ్యలో, చుట్టిన పరుపుల మీద మేస్త్రి కూర్చున్నాడు. ఆయన పక్కనే బొంగరం, ఒళ్ళో స్కూలు సంచి. ఇద్దరూ వెనక్కి తిరిగి ఉన్నారు. వెళ్ళే దారి వాళ్ళకి కనిపించదు. విడిచి వెళ్తున్న దారే కనిపిస్తుంది.

చీకటి పడుతోంది. ఉడత బ్యాటరీ బిగించి సైకిల్ బయటికి తెచ్చింది.

"రైలు గేటు దాకే," అంది ఉడత వాళ్ళమ్మ. "గేటు దాటావో ఊరుకోను. లారీకి దూరంగా ఉండు. రోడ్డు అంచునే తొక్కు. నేను వెనకాలే నడిచొస్తున్నా."

"సరే అమ్మా."

"సరే అని కాదు. విన్నావా?"

"విన్నానమ్మా!"

లారీ గుర్రుమని కదిలింది. వీధి ఇరుకు కాబట్టి మెల్లగానే వెళ్తోంది. ఉడత స్విచ్ నొక్కి, సీటెక్కి, బలమంతా పెట్టి తొక్కింది. వెనక చక్రం వేగం అందుకుంది. వీధరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ పెట్టె పక్కన పెట్టి చూసింది.

"రా అని ఉందే!" అని ఎవరో పిల్లాడు అరిచాడు.

ఉడత గుండె ఉప్పొంగింది. ఇంకా గట్టిగా తొక్కింది. "కనిపిస్తోందా?" అని లారీ వైపు కేక పెట్టింది.

బొంగరం పరుపుల మీద ముందుకి వంగింది. అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది.

"లేదు!"

"ఏంటీ?"

"అక్షరం లేదే! సన్నగా ఒక గీతే కనిపిస్తోంది!"

ఉడతకి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చక్రం వైపు చూడబోయింది. సైకిల్ తూలింది. చటుక్కున సర్దుకుంది. తన చక్రం తనకే కనిపించదు. అప్పుడు తెలిసింది. అరుగు మీది ముసలాయనకి కనిపించింది, ఇస్త్రీ ఆవిడకి కనిపించింది. వాళ్ళు పక్కన ఉన్నారు. బొంగరం ఎదురుగా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళకి చక్రం అంచు తప్ప ఏం కనిపిస్తుంది? పళ్ళేన్ని అంచు మీద నిలబెట్టి చూపించినట్టు!

పది రోజుల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బొంగరాన్ని దూరంగా నిలబెట్టి, తను తొక్కి చూపించి ఉంటే ఈ సంగతి ఎప్పుడో తెలిసేది.

వీధి చివర రైలు గేటు పడి ఉంది. లారీ ఆగింది. దూరంగా రైలు కూత వినిపించింది.

లారీకి ఇరవై అడుగుల వెనక, గేటు కాపలాదారు గది పక్కన, రోడ్డు అంచున ఖాళీ నేల ఉంది. ఉడత అక్కడ దిగింది. సైకిల్‌ని ఎత్తి, గదిలో చేసినట్టే, సీటూ హ్యాండిలూ నేలకి ఆనేలా తలకిందులు చేసింది. తరవాత దాన్ని రోడ్డుకి అడ్డంగా తిప్పింది. లైట్లున్న ఎడమ వైపు సరిగ్గా లారీ వైపు ఉండేలా.

లైట్ల వైపే నిలబడి తిప్పబోయింది. అక్కడ నిలబడితే బొంగరానికి తనే అడ్డం.

ఉడత చుట్టూ తిరిగి చైను వైపుకి వెళ్ళింది. పెడలు పట్టుకుంది. తిప్పింది.

ఇటు నుంచి చూస్తే ఏమీ లేదు. స్కేలు వీపు, వైర్ల ముడులు, చైను మసి. గిర్రున తిరిగే నల్లటి నీడ. బొంగరం పది రోజులు చూసింది ఇదేనన్నమాట.

చెయ్యి నొప్పెట్టింది. ఆపలేదు.

రైలు వచ్చింది. వెలిగే కిటికీలన్నీ కలిసిపోయి పొడుగాటి పసుపు పట్టీలా గేటు అవతల పరుగెత్తింది. ఆ చప్పుడులో ఇంకేమీ వినిపించలేదు. రైలు పోయాక వినిపించింది.

"రా!" అని అరుస్తోంది బొంగరం. పరుపుల మీద నిలబడిపోయింది. వాళ్ళ నాన్న ఒక చేత్తో గౌను పట్టుకుని ఉన్నాడు. "రా అని ఉందే! దీర్ఘం కూడా ఉంది! నాన్నా, చూడు! గాల్లో ఉంది!"

"చూస్తున్నానే తల్లీ. కూర్చో, పడతావు!" అన్నాడు మేస్త్రి. కానీ ఆయన కూడా సగం లేచే ఉన్నాడు.

"లైటు తేడా ఏమైనా ఉందా?" అని అరిచింది ఉడత.

"ఏం లేదు! బాగుంది! నువ్వు ఇటొచ్చి చూడవే!"

"నేనొస్తే ఎవరు తిప్పుతారు?"

బొంగరం పకపకా నవ్వింది. "నీ పేరు కూడా బొంగరమే ఇవాళ్టి నుంచి!"

గేటు లేచింది. లారీ పట్టాల మీద గతుక్కుమని ఎక్కింది, దిగింది. బొంగరం కళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒకసారి చీకటి చేసుకుని, మళ్ళీ చేతులు తీసి చూసింది. రెప్పలు టపటపలాడించి చూసింది. అంత దూరం నుంచి కూడా ఉడతకి ఆ సంగతి తెలిసింది. మధ్యాహ్నం తనూ ఇలాంటి పనులే చేసింది కదా.

ఉడత తిప్పుతూనే ఉంది. వాళ్ళమ్మ వచ్చి పక్కన నిలబడింది. "ఇక చాల్లే, చెయ్యి పడిపోతుంది," అంది. ఉడత ఆపలేదు. చెయ్యి మార్చుకుని తిప్పింది. లారీ వెనక ఎర్ర దీపం చిన్నదయింది. చుక్క అయింది. మలుపు తిరిగింది. అది పోయాక కూడా రెప్పపాటు ఉడత కళ్ళలో అక్కడే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పిన్ని షాపు మూస్తోంది.

"ఎలా కనిపించిందే?" అని అడిగింది.

"దీర్ఘంతో సహా కనిపించిందట," అంది ఉడత.

మర్నాడు సాయంత్రం వీధిలో పిల్లలంతా ఆ ఇరుకు గది ముందు చేరారు. ఉడత ఒక్కొక్కళ్ళనే లైట్ల వైపుకి పంపించి, తను చైను వైపు నిలబడింది. అందరికంటే చిన్నవాడు రెండోసారి కూడా చూస్తానని మారాం చేస్తే, వాడికి రెండోసారి కూడా తిప్పింది.

వంతెన మీద మొదటి బస్సు జనవరిలో వెళ్ళింది. ఉడత వెళ్ళి చూసి, బస్సు రంగు, నంబరు, ఎంతమంది కూర్చున్నారో అన్నీ బొంగరానికి ఉత్తరంలో రాసింది. అయస్కాంతం ఇంకా సైకిల్ కడ్డీ మీదే ఉందని కూడా రాసింది.

బొంగరం మళ్ళీ ఆ వీధికి రాలేదు. వాళ్ళ లారీ గేటు దాటింది డిసెంబరు మూడో తేదీ, ఆదివారం, సాయంత్రం ఆరుంబావుకి.